పిల్లాడిది ఏ ఊరు?

బరంపురంలో మా వీధి చివరింట్లో ఒక ఏడేళ్ల పిల్లాడున్నాడు. పుట్టింది అమెరికాలో. రెండేళ్ల కిందట వేసవి సెలవులకని తల్లి వెంట అమ్మమ్మ ఇంటికి వచ్చాడు, మళ్లీ వెళ్లలేదు. వాడి నీలం రంగు పాస్‌పోర్టు అమ్మమ్మగారి బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య ఉంది. ఒక సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి ఓ కవరు చేతిలో పెట్టారు.

"వకీలువి కదా బాబూ, ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పు. అమ్మాయిని అడిగితే ఏడుస్తోంది."

అమెరికా కోర్టు ఉత్తర్వు అది. ముప్పై రోజుల్లో పిల్లాణ్ణి వెనక్కి తీసుకురావాలని ఉంది. ఆవిడ తెలుగు చదువుతారు, ఒడియా మాట్లాడతారు, ఇంగ్లీషు రాదు. నేను చదివి చెప్పాక ఒకటే అడిగారు: "అక్కడి జడ్జిగారి మాట ఇక్కడ చెల్లుతుందా?"

దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేమో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పిల్లల సంరక్షణ తగాదాలకి మన దేశంలో ఇప్పటికీ ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. అప్పటికి మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒడిశాలో కలిసింది 1936లో. ఆ రోజుల్లో ఇక్కడివాళ్లకి పరదేశమంటే రంగం, అంటే రంగూన్. గోపాలపురంలో ఓడెక్కి బర్మా వెళ్లి, అక్కణ్ణించి డబ్బు పంపేవారు. పిల్లలు చాలావరకు ఊళ్లోనే పెరిగేవారు. అందుకని, మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తే ఆ చోటి కోర్టుకే అధికారం అని చట్టం తొమ్మిదో సెక్షన్‌లో రాస్తే సరిపోయింది. ఇవాళ తగాదా అంతా ఆ "మామూలుగా నివసించే చోటు" దగ్గరే. పుట్టి ఐదేళ్లు పెరిగిన ఊరా, రెండేళ్లుగా బడికి వెళ్తున్న ఊరా?

1956 నాటి హిందూ మైనారిటీ చట్టం రెండు మాటలు కలిపింది. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి, అన్నిటికన్నా పిల్లల క్షేమమే ముఖ్యం. మంచి మాటలే. కానీ రెండు దేశాల కోర్టులు రెండు రకాలుగా క్షేమం చూస్తే ఎవరి మాట నెగ్గాలో అందులో లేదు.

ఈ చిక్కు విప్పడానికే 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది, 1983 డిసెంబరు నుంచి అమలైంది. దాని సూత్రం చిన్నది. పదహారేళ్లలోపు పిల్లల్ని ఒక పేరెంటు రెండోవారి హక్కు కాదని వేరే దేశానికి తీసుకుపోతే, ముందు పిల్లల్ని వాళ్లుండే దేశానికి పంపేయాలి, ఎవరి దగ్గర పెరగాలన్నది అక్కడి కోర్టు తేలుస్తుంది. ఏడాది దాటాక అడిగితే, ఈలోగా పిల్లలు కొత్త చోట కుదురుకున్నారని తేలితే, పంపకపోవచ్చు. పంపితే పిల్లలకి తీవ్రమైన ప్రమాదం ఉందని రుజువైనా అంతే. వందకి పైగా దేశాలు ఇందులో చేరాయి. మన దేశం చేరలేదు.

చేరకపోయినా కేసులు ఆగుతాయా? 1984లో ఇంగ్లండు నుంచి తండ్రి కొడుకుని తీసుకొచ్చేశాడు. తల్లి వెంటబడి వచ్చింది. సుప్రీంకోర్టు పిల్లాణ్ణి ఆమెకే అప్పగించింది. 1986లో మిషిగన్ నుంచి వచ్చిన మరో కేసులోనూ అంతే, పిల్లాడు అమెరికన్ తల్లి దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఆ రెండింట్లోనూ పిల్లల్ని తెచ్చింది తండ్రులన్నది గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి రోజుల్లో మనం ఎక్కువగా చూసింది వేరే కథ. పరాయి దేశంలో కాపురం చెడి, పుట్టింటికి తప్ప మరెక్కడికీ పోలేని తల్లి పిల్లల్ని చంకనేసుకుని రావడం.

ఈ మార్పుకి ముందు తెలుగువాళ్ల కేసు ఒకటుంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట. భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్నాడు. అవి ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పిల్లల కేసు కాదు, నిజమే. కానీ విదేశీ కోర్టు కాగితం వచ్చిందంటే అంతా అయిపోయినట్టే అన్న భయాన్ని అది కొంత పోగొట్టింది. 1997లో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. పిల్లల విషయంలో విదేశీ ఉత్తర్వు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే అంది. ఆ కేసులో పసివాడిగా వచ్చిన పిల్లాడు తీర్పు నాటికి పన్నెండేళ్లకు పైగా తల్లి దగ్గరే పెరిగాడు. అప్పుడు పంపితే వాడికి అదే పరాయి దేశం.

తర్వాత ఒక వరసంటూ లేదు. ముందు ఏ దేశం కోర్టు సరైన ఉత్తర్వు ఇస్తే దాన్నే గౌరవించాలని 2015లో ఒక తీర్పు వచ్చింది. 2017లో ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని కాదని, క్షేమమే గీటురాయి అంది. 2019లో హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో తల్లి వేసిన కేసు పైదాకా వెళ్లింది. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు మామూలుగా నివసించేది అక్కడే, హైదరాబాద్ కోర్టుకి అధికారం లేదని తేల్చి, తిరిగి వెళ్లమన్నారు. 2022లో బెంగళూరు నుంచి వచ్చిన కేసులోనూ పిల్లాణ్ణి అమెరికా పంపమన్నారు. అందరూ క్షేమమే చూశామన్నారు. అందుకే అమ్మమ్మగారికి నేను జవాబు చెప్పలేకపోయాను.

చట్టం చేసే ప్రయత్నాలూ ఇలాగే సగంలో ఆగాయి. హేగ్ ఒప్పందంలో చేరమని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2009లోనే 218వ నివేదికలో చెప్పింది. 2016లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ముసాయిదా బిల్లు పెట్టింది, అదే ఏడాది లా కమిషన్ తన ముసాయిదా ఇచ్చింది. మహిళల పక్షాన గట్టి అభ్యంతరాలు వచ్చాయి. భర్త వీసా మీద ఆధారపడి వెళ్లి, ఉద్యోగం చేసే వీల్లేక, చేతిలో డబ్బు లేక, దెబ్బలు తిని వచ్చినామెను పిల్లలతో సహా అక్కడికే పొమ్మంటే ఏ ఇంట్లో ఉంటుంది, ఏ లాయరుని పెట్టుకుంటుంది? పైగా అమెరికాలో 1993 నాటి చట్టం ప్రకారం పిల్లల్ని ఇలా దేశం దాటించడం జైలుశిక్ష పడే నేరం. ఈ అభ్యంతరంలో న్యాయం ఉందని నా నమ్మకం. 2017లో జస్టిస్ రాజేష్ బిందల్ ఆధ్వర్యంలో కమిటీ వేశారు. 2018లో ఆ కమిటీ, ఇలాంటి తగాదాల కోసం మన దేశంలోనే ఒక ప్రత్యేక అథారిటీ ఉండాలంది. అది చట్టం కాలేదు.

చట్టం లేని చోట దారి హైకోర్టుకే. అమెరికాలో ఉన్న తండ్రి కటకం హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పిల్లాణ్ణి కోర్టు ముందుకు తీసుకురమ్మనే పిటిషన్, వేస్తే, బరంపురంలో తలుపు తట్టేది పోలీసులు. ఏడేళ్ల పిల్లాడి ఎదురుగా ఖాకీ బట్టలు చూస్తే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పిల్లాణ్ణి విశాఖలో చుట్టాలింట్లో దాచేద్దామా అని తల్లి నన్ను అడిగింది. వద్దమ్మా అన్నాను. దాచినవాళ్ల మాట కోర్టు నమ్మదు, పిల్లాడికి ఉన్న బడి కూడా పోతుంది.

పంపడం కూడా తేలిక కాదు. 2020లో ఒక పిల్లాణ్ణి కెన్యాలో ఉన్న తండ్రికి అప్పగిస్తూ, మన ఉత్తర్వుని అక్కడి కోర్టులో కూడా నమోదు చేయించమని సుప్రీంకోర్టు షరతు పెట్టింది. తండ్రి తెచ్చి చూపించిన కాగితం చెల్లనిదని తేలి 2021లో ఆ ఉత్తర్వుని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటికే పిల్లాడు దేశం దాటేశాడు.

పిల్లలకి తల్లీతండ్రీ ఇద్దరి ప్రేమా హక్కేనని, దూరాన ఉన్నవారితో వీడియో కాల్‌లో మాట్లాడనివ్వాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి చెప్పాకే ఆ ఇంట్లో శనివారం కాల్ మొదలైంది. ఇక్కడ రాత్రి ఏడున్నర, అక్కడ ఉదయం పది. మొదటిసారి నేనూ అక్కడే ఉన్నాను. తండ్రి ఇంగ్లీషులో అడుగుతుంటే పిల్లాడు తెలుగులో జవాబు చెప్పాడు, మధ్యలో బడిలో నేర్చిన ఒడియా ముక్క ఒకటి దొర్లింది. అది అర్థం కాక తండ్రి కాసేపు ఊరుకుని, "ఏంట్రా నాన్నా, మళ్లీ చెప్పు" అన్నాడు.

కాల్ అయ్యాక అమ్మమ్మగారు బీరువా తీసి పాస్‌పోర్టు నా చేతికిచ్చారు. పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. దీని గడువు వచ్చే నెలతో అయిపోతుంది. కొత్తది కావాలంటే తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి.