మార్చలేనిది వేరు, మారనిది వేరు

ప్రోగ్రామింగ్ భాష జావా 1.2 వెర్షన్ 1998 చివర్లో విడుదలైంది; దానితో పాటు వచ్చిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే జాబితాల వంటి సేకరణలతో పనిచేసే సాధనాల సంపుటిలో, అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ అనే మెథడ్ (పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్) ఉంది. దానికి ఒక జాబితాను అందిస్తే పైన తొడుగు వేసి తిరిగి ఇస్తుంది. ఆ తొడుగు ద్వారా కొత్త అంశాన్ని చేర్చబోతే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎక్సెప్షన్, అంటే తప్పు జరిగిందన్న సంకేతం, వస్తుంది. అయితే లోపలి జాబితా ఎవరి చేతిలో ఉందో వారు దానిని యథేచ్ఛగా మార్చవచ్చు. మూడు పేర్లున్న జాబితాకు తొడుగు వేసి ప్రోగ్రామ్‌లోని వేరొక భాగానికి (మాడ్యూల్‌కు) ఇచ్చిన తర్వాత అసలు జాబితాలో నాలుగో పేరు చేరిస్తే, ఆ మాడ్యూల్‌కు కూడా నాలుగు పేర్లు కనిపిస్తాయి. అంటే అది పుచ్చుకున్నవారు మార్చలేని జాబితాయే గాని, మారని జాబితా కాదు. నేటికీ ఎన్నో పొరపాట్లకు మూలం ఈ రెండింటినీ ఒకటిగా భావించడమేనని నా అభిప్రాయం.

నిజంగా మారని సేకరణల ఆలోచన జావా కంటే చాలా పాతది. 1950ల చివర్లో జాన్ మెకార్థీ రూపొందించిన లిస్ప్ భాషలో జాబితా ముందు ఒక అంశాన్ని చేర్చడమంటే, పాత జాబితాను తాకకుండా, దానిని సూచించే కొత్త గడిని సృష్టించడమే. మధ్యలోని అంశాన్ని మార్చవలసి వచ్చినప్పుడే కాపీ ఖర్చు అడ్డుపడేది. పాత రూపాన్ని నిలుపుకుంటూనే కొత్త రూపాన్ని చౌకగా నిర్మించే పద్ధతులపై 1986లో డ్రిస్కాల్, సార్నాక్, స్లీటర్, టార్జన్ పరిశోధన పత్రం వెలువరించారు; 1998లో క్రిస్ ఒకసాకి పుస్తకం ఉన్న విలువను మార్చకుండా కొత్తది నిర్మించే పద్ధతికి ప్రాధాన్యమిచ్చే ఫంక్షనల్ భాషలకు తగిన నిర్మాణాలను ఒకచోట చేర్చింది. 2007లో రిచ్ హికీ విడుదల చేసిన క్లోజర్ భాషలో ఇవి రోజువారీ పనిముట్లయ్యాయి. అందులో వెక్టర్ అనే సేకరణ ఒక్కో కణుపుకు 32 కొమ్మలుండే చెట్టు. నాలుగు అంచెల్లోనే 10,48,576 అంశాలు పడతాయి కనుక, ఒక అంశాన్ని మార్చాలంటే వేరు నుంచి ఆకు వరకు ఉన్న ఆ కొద్ది కణుపులను మాత్రమే కాపీ చేస్తే సరిపోతుంది, మిగిలిన చెట్టంతా పాత, కొత్త రూపాలకు ఉమ్మడిగా ఉంటుంది.

జావా 2017లో ఇచ్చిన అంశాలతో మార్చలేని జాబితాను నేరుగా సృష్టించే లిస్ట్.ఆఫ్‌ను, 2018లో ఉన్న సేకరణకు మార్చలేని ప్రతి ఇచ్చే లిస్ట్.కాపీఆఫ్‌ను తెచ్చి తొడుగు లోపాన్ని సరిదిద్దింది. కానీ జాబితాలోని వస్తువులే మారగలిగేవైతే వాటిని ఇవి ఆపలేవు, జావాస్క్రిప్ట్ భాషలో వస్తువును మార్చకుండా బిగించే ఆబ్జెక్ట్.ఫ్రీజ్‌కు, పైథాన్ భాషలోని మార్చలేని వరుస అయిన టపుల్‌కు కూడా ఇదే పరిమితి ఉంది. మార్చలేని సేకరణలకు వేరే ఇంటర్‌ఫేస్‌లు (ఏయే పనులు చేయవచ్చో చెప్పే నిర్వచనాలు) పెడితే వాటి సంఖ్య అదుపు తప్పుతుందని జావా రూపకర్తలు తొలినాడే ఆ దారిని వదులుకున్నారు. ఆ కారణం కొట్టిపారేయదగినది కాకపోయినా, లిస్ట్.ఆఫ్ ఇచ్చిన జాబితాపై అంశాన్ని చేర్చే యాడ్ మెథడ్‌ను పిలిచే కోడ్‌ను, ప్రోగ్రామ్ నడవకముందే దానిని పరిశీలించి అనువదించే కంపైలర్ ఇప్పటికీ అభ్యంతరం లేకుండా అంగీకరిస్తుంది, తప్పు మాత్రం ప్రోగ్రామ్ నడిచినప్పుడే బయటపడుతుంది.