గోనెపట్ట మీద కుట్టిన ఇల్లు

ఆర్పియేరా అంటే స్పానిష్‌లో గోనెపట్ట. చిలీలో ఇప్పుడు ఆ మాట అనగానే గుర్తొచ్చేది మాత్రం బస్తా ముక్క మీద పాత బట్టల పేలికలు కుట్టి, చుట్టూ ఉన్నితో క్రోషా అంచు అల్లిన బొమ్మ. చాలావాటిలో పైన ఆండీస్ కొండలు, వాటి మీద సూర్యుడు, కింద ఇల్లు. ఆ ఇంట్లో భోజనాల బల్ల, చుట్టూ పిల్లలు, ఒక కుర్చీ ఖాళీ. కొన్నిట్లో జైలు గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్లు. చూడ్డానికి చిన్నపిల్లల పుస్తకంలో బొమ్మలా ఉంటుంది, చూపు ఆ కుర్చీ దగ్గర ఆగేదాకా.

1973 సెప్టెంబర్ 11న సైన్యం సాల్వడార్ అలెండీ ప్రభుత్వాన్ని కూలదోసింది, సైన్యాధిపతి పినోచెట్ గద్దెనెక్కాడు. శాంటియాగోలో జనం ఫుట్‌బాల్ చూసిన నేషనల్ స్టేడియమే జైలయింది. అటకామా ఎడారిలో ఎప్పుడో మూతపడ్డ నైట్రేట్ గనుల ఊరు చకబూకోని ఖైదీల క్యాంపు చేశారు. రాజకీయ కారణాలతో జైలుపాలై చిత్రహింసలు పడి బతికి బయటపడ్డవాళ్లు 38 వేలకు పైనే అని తర్వాత ప్రభుత్వ కమిషన్లే తేల్చాయి. మనిషి ఫలానా జైల్లో ఉన్నాడని తెలిస్తే అదొక బాధ, కనీసం గేటు దాకా వెళ్లొచ్చు, ఉతికిన చొక్కా ఇవ్వొచ్చు, సెన్సార్ చేసిన ఉత్తరమైనా వస్తుందని ఎదురుచూడొచ్చు. కానీ ఎన్నో ఇళ్లవాళ్లకి ఆ పాటి జవాబు కూడా దొరకలేదు. ఇంటివాళ్ల కళ్లముందే లాక్కెళ్లిన మనిషిని అసలు మేం పట్టుకోనే లేదన్నారు. తల్లులు, భార్యలు పోలీస్ స్టేషన్లు, ఆసుపత్రులు, మార్చురీలు తిరిగారు. మనిషిని కోర్టులో హాజరుపరచమని వేల పిటిషన్లు పడితే దాదాపు అన్నిటినీ కోర్టులు కొట్టేశాయి.

అలా తిరిగి తిరిగి వాళ్లు చేరిన చోటు చర్చి. 1973 అక్టోబర్‌లో కాథలిక్కులు, లూథరన్లు, యూదులు కలిసి ఇలాంటి కుటుంబాలకి సాయం చేయడానికి ఒక కమిటీ పెట్టారు. 1975 చివర్లో పినోచెట్ ఒత్తిడితో అది మూతపడితే, మరుసటి జనవరిలోనే కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెస్ వికారియా అనే చర్చి సంస్థని మొదలుపెట్టి ఆ పని కొనసాగించాడు. కుట్టుపని బృందాలు ఆ కమిటీ రోజుల్లోనే, 1974లోనే మొదలయ్యాయి. ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. వీటి గురించి రాసేవాళ్లు ధిక్కారం, ప్రతిఘటన అని పెద్ద మాటలు వాడతారు, అవి తప్పు కాదు, కానీ ఆ ఆడవాళ్లని సూది పట్టించినవాటిలో ముందు చెప్పాల్సింది ఆకలి. సంపాదించే మనిషి లేడు, పిల్లలకి పెట్టాలి. బొమ్మలు కుడితే వికారియా కొని, దేశం వదిలి వెళ్లిన చిలీ వాళ్ల ద్వారా యూరప్‌లో, ఉత్తర అమెరికాలో అమ్మించేది. ఆ డబ్బుతో ఇల్లు గడిచేది.

గోనెపట్ట మీద కుట్టడం చిలీలో కొత్తేమీ కాదు. గాయని వియొలేతా పారా అలాంటి పెద్ద పెద్ద బొమ్మలు కుట్టి 1964లో పారిస్ లూవ్ర్‌లోని అలంకార కళల మ్యూజియంలో ప్రదర్శించింది. కొత్తది ఏంటంటే, ఇప్పుడు కుట్టింది తమ ఇంటి కథ, వాడింది తమ ఇంటి బట్ట. కొందరు కనిపించకుండాపోయిన మనిషి చొక్కానో ప్యాంటునో కత్తిరించి బొమ్మకి తొడిగారు. ఆ బట్టమీద కత్తెర పెట్టడానికి చెయ్యి ఎలా వచ్చిందో నేను ఊహించలేను. మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి ఇంట్లో ఉంది, ఇది తాతయ్య లుంగీ, ఇది చిన్నత్త ఓణీ అని ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తాం. పోయినవాళ్లు పోయారని తెలిసిన ఇల్లు మాది. వీళ్లకి అది కూడా తెలియదు.

బొమ్మ వెనక చిన్న జేబు కుట్టి, అందులో చీటీ పెట్టేవాళ్లు, ఇది ఏ కథో రెండు ముక్కల్లో రాసి. ఆడవాళ్ల కుట్టుపనే కదా అని మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత వీటిని దేశద్రోహంగా చూశారు. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మల్లో ఇంటి గడప దాటి వీధి వచ్చింది. పేటలో అందరూ కలిసి వండుకునే గంగాళం వచ్చింది. 1978 మార్చి 8న ఆ ఇళ్ల ఆడవాళ్లు వేదికెక్కి, జంటగా ఆడాల్సిన క్వేకా నాట్యాన్ని ఒంటరిగా ఆడారు, అదీ గోనెపట్ట మీదికి వచ్చింది. ఆ ఏడాది చివర్లో లోంకేన్ అనే చోట సున్నపు బట్టీల్లో 15 మంది శవాలు దొరికాయి. అయిదేళ్ల కింద పోలీసులు పట్టుకెళ్లిన పల్లెజనం వాళ్లు. బతికే ఉన్నారేమో అన్న ఆశకి ఆ బట్టీలు ఎంత దెబ్బ కొట్టాయో చెప్పక్కర్లేదు.

1990లో పినోచెట్ పదవి దిగాడు, 1992లో వికారియా మూతపడింది. 2010లో శాంటియాగోలో తెరిచిన జ్ఞాపకాల మ్యూజియంలో ఇప్పుడు ఈ బొమ్మలున్నాయి, ఖైదీలు క్యాంపుల్లో చేసిన చేతిపనులు కూడా ఉన్నాయి. ఆ కుట్టు పెరూ దాకా, బ్రెజిల్ డ్యామ్ నిర్వాసితుల దాకా పాకింది.

కనిపించకుండాపోయినవాళ్ల లెక్క మాత్రం తేలలేదు. 2023లో ఆ సైనిక తిరుగుబాటుకి యాభయ్యేళ్లయిన సందర్భంగా చిలీ ప్రభుత్వం మొదటిసారి తనే వెతికే పథకం ప్రకటించింది. అప్పటికి అధికారిక జాబితాలో 1,469 మంది ఉంటే, ఆచూకీ దొరికి గుర్తుపట్టింది 307 మందిని. మొదట్లో సూది పట్టినవాళ్లలో చాలామంది ఏ కబురూ వినకుండానే పోయారు. ఉన్నవాళ్లు ఇప్పటికీ గుండెల మీద ఫొటో పిన్నుతో గుచ్చుకుని వీధిలోకి వస్తున్నారు, ఫొటోలో కొడుకు వయసు ఇరవై దగ్గరే ఆగిపోయింది.