సర్కారు సొమ్ము ముట్టని యెషివాలు: బ్రిస్క్ రబ్బీల వంశం

2024 జూన్ 25న ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. యూదుల ధర్మగ్రంథం తల్మూద్ చదువుకునే యెషివా (మత విద్యాలయం) విద్యార్థులను సైన్యంలో చేర్చుకోకుండా వదిలేయడానికి చట్టంలో ఆధారం లేదు. అలాంటివారి పేరిట యెషివాలకు సర్కారు డబ్బు ఇవ్వకూడదు. 1948లో తొలి ప్రధాని బెన్ గురియన్ దాదాపు 400 మంది విద్యార్థులకు సైనిక సేవ వాయిదా వేయడంతో ఈ గొడవ మొదలైందని సాధారణంగా రాస్తారు. యెషివాకూ రాజ్యానికీ మధ్య ఉన్న పేచీ అంతకంటే చాలా పాతది. సొలొవేచిక్ వంశంలో నాలుగు తరాలు దాన్ని మోశాయి.

1803లో నేటి బెలారుస్‌లోని వొలొజిన్‌లో రబ్బీ (యూదు మతగురువు) హయిమ్ ఒక యెషివా పెట్టారు. అప్పటిదాకా చదువుకునే పిల్లలు ఊళ్లో రోజుకో ఇంట్లో తినేవారు. మన దగ్గర వారాలు చేసుకున్నట్టే. ఆయన ఆ పద్ధతి తీసేశారు. దూతలు ఊరూరా తిరిగి చందాలు తెచ్చేవారు, విద్యార్థులకు భత్యం ముట్టేది. దాంతో యెషివా ఊరి పెద్దల చేతి కింద లేకుండా పోయింది. తర్వాత జరిగినదంతా ఈ ఏర్పాటు మీదే నిలబడింది.

ఆయన వంశీకుడు యోసెఫ్ దోవ్ సొలొవేచిక్ వొలొజిన్‌లో రెండో స్థానంలో పాఠాలు చెప్పి, 1865లో స్లుత్స్క్ వెళ్లి, చివరకు బ్రిస్క్ (నేటి బ్రెస్త్) రబ్బీ అయ్యారు. కొడుకు హయిమ్ 1880 నుంచి వొలొజిన్‌లో బోధించారు. 1891 చివర్లో రష్యా ప్రభుత్వం షరతులు పెట్టింది: ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా లౌకిక విద్య, పట్టా ఉన్న ఉపాధ్యాయులు, రోజుకు 10 గంటలకు మించకుండా చదువు, రాత్రి పాఠాలు బంద్. యెషివా ఒప్పుకోలేదు, 1892లో మూతపడింది. వారసత్వం కోసం లోపల సాగిన తగాదా కూడా దాన్ని బలహీనపరిచింది. ఈ సంగతి దాటవేయడం సరికాదు.

అదే ఏడు తండ్రి పోవడంతో హయిమ్ బ్రిస్క్ రబ్బీ అయ్యారు. 1895 అగ్నిప్రమాదంలో ఊరు కాలిపోయినప్పుడు, పేదలకు ఇళ్లు లేచేదాకా ఆయన తన ఇంట్లో పడుకోలేదని చెప్పుకుంటారు. యోమ్ కిప్పుర్ ఉపవాసంనాడు రోగులను ధారాళంగా తిననిచ్చేవారు. ఉపవాసం విషయంలో తాను మెత్తబడడం లేదని, ప్రాణరక్షణ విషయంలో కఠినంగా ఉంటున్నానని ఆయన జవాబు.

ఆయన పేరు నిలిచింది మాత్రం చదివే పద్ధతితో. మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిదీస్ రాసిన ధర్మశాస్త్రంలో ఒకచోట ఏకాగ్రత లేని ప్రార్థన చెల్లదని, మరోచోట మొదటి దీవెనలో ఏకాగ్రత ఉంటే చాలని ఉంది. హయిమ్ ఏకాగ్రతనే రెండుగా విడదీశారు. దేవుని ఎదుట నిలబడ్డానన్న ఎరుక ప్రార్థన పొడుగునా ఉండాలి; మాటల అర్థం మీద ధ్యాస మొదటి దీవెనకు చాలు. దాంతో రెండు వాక్యాలూ నిలిచాయి.

కొడుకుల దగ్గర దారి చీలింది. వెల్వెల్ 1941లో జెరూసలేం చేరారు. 1948లో ఏర్పడిన యూదు రాజ్యాన్ని ఒప్పుకోలేదు, దాని డబ్బు ముట్టవద్దన్నారు. అన్న మోషే న్యూయార్క్ వెళ్లారు. మోషే కొడుకు జోసెఫ్ 1932లో బెర్లిన్‌లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొంది బాస్టన్‌లో స్థిరపడ్డారు. 1937లో అక్కడ ఆయన స్థాపించిన బడిలో లౌకిక విద్యా ఉంది, ఆడపిల్లలకు తల్మూదూ ఉంది. మతపరమైన జయనిజానికి (యూదు రాజ్యాన్ని మతం దృష్టితో సమర్థించే వాదానికి) అమెరికాలో పెద్ద దిక్కు ఆయనే. అయినా 1959లో బాబాయి పోయినప్పుడు గొప్ప నివాళి అర్పించినదీ ఆయనే. ఇద్దరూ పాఠం చెప్పింది హయిమ్ పద్ధతిలోనే.

2024 తీర్పు దెబ్బ అన్ని యెషివాల మీదా ఒకేలా పడలేదు. సర్కారు నిధులతో బడ్జెట్ వేసుకున్నవి ఇబ్బందిలో పడ్డాయి. వెల్వెల్ మాట పట్టుకుని విదేశీ చందాలతో నడిచేవాటికి ఆగిపోయే నిధులే లేవు. సైన్యం పిలుపు మాత్రం వాటి విద్యార్థులకూ వస్తుంది.