కార్న్ అంటే మక్కలేనా?

ప్రియమైన మనుమలకు, మనుమరాళ్లకు,

ఆంగ్లేయులు 1815లో కార్న్ చట్టం చేశారని చరిత్ర పాఠంలో చదివి, "తాతా, లండన్ వాళ్లు కూడా మక్కలు పండించేవారా?" అని మన చిన్నది ఫోనులో అడిగింది. నర్సంపేట మక్కచేన్ల నడుమ పెరిగే పిల్లకు ఆ అనుమానం రావడం సహజమే. ఆ చట్టంలోని కార్న్ ముఖ్యంగా గోధుమ. క్వార్టరు (అక్కడి గింజల కొలత) గోధుమల ధర 80 షిల్లింగులకు (వాళ్ల నాణేలు) చేరేదాకా పరదేశపు గోధుమలను అమ్మనివ్వకూడదన్నారు. భూస్వాములకు లాభమూ, పేదలకు రొట్టె కరువూ తెచ్చిన ఆ ఏర్పాటును 1846లో పార్లమెంటు ఎత్తివేసింది.

మా చిన్నతనంలో బువ్వ అన్న మాట ఎట్లా నడిచిందో చెబితే మిగతాది మీకే తెలుస్తుంది. పాకాల చెరువు కింద వరి పండే ఊళ్లలో బువ్వంటే వరన్నమే. మాది మెట్ట ఊరు గనుక, మా అవ్వ "బువ్వ తిందువు రా" అని పిలిస్తే కంచంలో ఉండేది జొన్న గటుక. చల్ల పోసుకొని, పచ్చిమిరపకాయ నంజుకొని తినేవాళ్లం. పండుగనాడు మాత్రమే వరన్నం వండేవారు. ఆనాడు కూర లేకపోయినా రెండు వాయిలు తినేవాణ్ణి. ఏ నేల ఏది పండిస్తే అక్కడి బువ్వ అదే.

కార్న్ కూడా అంతే. అసలు అర్థం గింజ. మిరియపు గింజను పెప్పర్‌కార్న్ అనడం అందుకే. ఇంగ్లండులో అది గోధుమ అయింది, స్కాట్లాండులో ఓట్స్ అయింది. అమెరికా చేరిన ఆంగ్లేయులు అక్కడి మూలవాసులు పండించే మక్కలను ఇండియన్ కార్న్ అన్నారు. (ఆ ఇండియన్ మనం కాదు, కొలంబస్ పొరపాటు పడి అక్కడివారికి పెట్టిన పేరు.) రానురాను ముందరి మాట రాలిపోయి, కార్న్ మిగిలింది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్లి, అమ్మనడిగి కార్న్‌ఫ్లోర్ చిటికెడు తీసుకొని వేళ్ల మధ్య నలపండి: తెల్లగా, మెత్తగా, కిరకిరమంటుంది. గిర్నీలో పట్టించిన మక్కపిండిని పక్కన పెట్టి చూడండి: పసుపుపచ్చగా, గరుకుగా ఉంటుంది. రెండూ మక్కలే. మొదటిది గింజలోని గంజిపదార్థం మాత్రమే. అమెరికాలో దాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు, కార్న్‌ఫ్లోర్ అని అడిగితే రెండోదే ఇస్తారు. మీ పొట్లం మీద ఏమని రాసి ఉందో చూసి నాకు ఉత్తరం రాయండి.

ఆశీస్సులతో,
మీ తాత