తమ్ముడి పుట్టు వెంట్రుకలు

చిన్నూ, బుజ్జీ,

తమ్ముడికి గుండు ఎందుకు అమ్మమ్మా, వాడు ఏడుస్తాడు కదా అని మొన్న ఫోన్లో అడిగారు. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అమ్మ కడుపులో ఉన్నప్పుడు వచ్చిన జుట్టు కాబట్టి అవి పుట్టు వెంట్రుకలు. మొదటిసారి వాటిని తీయించడం పదహారు సంస్కారాల్లో ఒకటి, పురోహితులు చౌలం అనీ చూడాకరణం అనీ అంటారు. చూడ అంటే పిలక. అంటే శాస్త్రం ప్రకారం పిలక ఉంచాలి, మొత్తం తీయించి దేవుడికివ్వడం మొక్కు, మన ఇళ్ళల్లో రెండూ కలిసిపోయాయి. మొదటి ఏడు గానీ మూడో ఏడు గానీ చేయమన్నారు. పసిపిల్లల నడినెత్తిన మెత్తగా తగిలే మాడు సాధారణంగా ఏడాదిన్నరకల్లా పూడుతుంది, అందుకే తమ్ముడి విషయంలో తొందరపడొద్దని నేనే ఆపాను.

తిరుమలలో ఇచ్చే జుట్టును తలనీలాలు అంటారు. శ్రీనివాసుడి తలకి దెబ్బ తగిలి కొంచెం జుట్టు ఊడితే, నీలాదేవి చూడలేక తన జుట్టే తీసి అక్కడ పెట్టిందట, ఏడు కొండల్లో నీలాద్రి ఆవిడ పేరు మీదే ఉందని చెబుతారు. నాకీ కథ చాలా ఇష్టం.

అక్కడ గుండు చేసే చోటైన కల్యాణకట్టలో డబ్బు కట్టక్కర్లేదు. మామయ్య ఒళ్ళో కూర్చోబెడతాం, ముందు కత్తెర వేసేది మేనమామే. చిన్నూ, నీకు చేయించినప్పుడు తల తడిపి, క్షురకుడు ఎడమ అరచేత్తో వెనక పట్టుకుని గీస్తుంటే నువ్వు వెక్కివెక్కి ఏడుస్తూ నా గాజులు వదల్లేదు. స్నానం చేయించి చల్లటి గంధం పూయగానే ఠక్కున ఊరుకుని, చేత్తో తల తడుముకున్నావు.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని ఎవరన్నా అంటే నమ్మకండి. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి అక్కడిదాకా పోదు. కొసలు మొద్దుగా తెగి గరుగ్గా తగులుతాయి, అంతే. మరి వాడికి గుండు ఎందుకంటే, తమ్ముడు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు మీ అమ్మ మొక్కుకుంది. ఆ రాత్రులు మేమెవ్వరం నిద్రపోలేదు.

కొత్త బ్లేడు వేయించే పని నాది. బుజ్జీ, గంధం గిన్నె నువ్వు పట్టుకో. పైన చలిగా ఉంటుంది, వాడి మెత్తటి టోపీ మర్చిపోకండి.

మీ అమ్మమ్మ