ఆ రూపాయి ఏమైంది?

గుంటూరు,
ఆదివారం.

చి. బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం అందింది. "అమ్మ స్కూటర్లో పోయించే ప్రతి లీటరు పెట్రోలులో రోడ్డు కోసం ఒక రూపాయి ఉంటుందని నువ్వే చెప్పావు. మరి ఆ రూపాయి ఏమైంది? నా టిఫిన్ డబ్బా గుంతలో ఎందుకు పడింది?" అని నిలదీశావు. పులిహోర బురదపాలైందని చిన్నా కింద రెండు వరుసలు రాశాడు. వాడికి నవ్వులాటగా ఉంది.

రూపాయి మాట నిజమే. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు సెస్సు వేశారు. వ్యాట్ అనే పన్ను అప్పటికే ఉంది. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే మా నాయనమ్మ పోపుల డబ్బా మూత తీయాలి.

అందులో ఆవాలు, జీలకర్ర, మెంతుల గిన్నెల అడుగున చిల్లర ఉండేది. పాల డబ్బులు, గడ్డి అమ్మిన డబ్బులు అన్నీ అందులోకే వచ్చేవి. జ్వరం మందు, బడి జీతం, కొట్టు బాకీ అన్నీ అందులోంచే పోయేవి. వ్యాట్ అలాంటిది. జీతాలు, పింఛన్లు, ఆసుపత్రులు, రోడ్లు అన్నింటికీ అదే డబ్బా. ఏ గిన్నెకు ఎంతో బడ్జెట్ నాడు వెలగపూడి శాసనసభలో పద్దుల వారీగా చదువుతారు. సెస్సు అలా కాదు. "ఇది బావి చేంతాడుకే" అంటూ మా తాత విడిగా ఇచ్చే అర్ధరూపాయి అది. నాయనమ్మ దాన్ని మెంతుల గిన్నెలో దాచేది, మెంతులు రోజూ ఎవరూ తీయరని.

ఒకసారి చేంతాడు ఉన్నట్టుండి తెగింది. ముందు నెలల్లో రాబోయే అర్ధరూపాయలను చూపించి పక్కింటి పిన్ని దగ్గర చేబదులు తెచ్చింది. ఇక ఆ ఏడాదంతా మెంతుల గిన్నెలో పడింది పడినట్టే పక్కింటికి నడిచింది. మన రోడ్డు రూపాయిని చూపించి కూడా బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. మీ అమ్మ ఇచ్చిన దాంట్లో కొంత, ఎప్పుడో ఎక్కడో పోసిన తారుకు బాకీగా పోతూ ఉండవచ్చు.

డబ్బాలో డబ్బు ఉన్నంత మాత్రాన గుంత పూడదు. ఇంజనీరు టేపు పట్టి కొలిచి అంచనా వేయాలి, అది మంజూరు కావాలి, టెండరు పిలవాలి. పాత బిల్లులు రాకపోతే కాంట్రాక్టర్లు ఆ దిక్కుకే చూడరు. బాకీ తీర్చని ఇంటికి కొట్టువాడు బెల్లం ఇస్తాడా? అన్నీ కుదిరేసరికి వాన. తడి కంకరకు తారు అంటదు. మనకేమో నవంబరు దాకా వానలే.

కంకర అంటే ఒకటి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు రోడ్డు పక్కన కంకరను పెట్టెల్లా పేర్చి ఉంచేవారు. కొలత అయిన గుట్ట మీద సున్నపు నీళ్లు చల్లేవారు, ఒకసారి లెక్కకెక్కింది మళ్లీ ఎక్కకుండా. మేము జామకాయలు కొట్టడానికి ఆ రాళ్లే ఏరుకునేవాళ్లం. రాయి తీసిన చోట తెలుపు మధ్య నల్లమచ్చ పడేది. గ్యాంగు మేస్త్రీ ఆ మచ్చలు లెక్కపెట్టి మా నాన్నకు అప్పచెప్పాడు. నా వీపు మీద పడిన లెక్క ఇక్కడ రాయను. అందరి సొమ్మయినా రాయి రాయికీ లెక్క ఉంటుందని మాత్రం ఆ రోజు తెలిసింది.

ఇంకో చిక్కు మన నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. కింద నేల అలా ఊపిరి తీసి వదులుతుంటే, పైన మిర్చి టిక్కీల లారీలు. తారు మాత్రం ఏం చేస్తుంది?

ఇంతకీ ఆ గుంత ఎవరిదో నువ్వు అడగనే లేదు. మలుపులో చింతచెట్టు కింద కిలోమీటరు రాయి ఉంది కదా. దాని తల పసుపయితే జాతీయ రహదారి, కేంద్రం సొమ్ము. ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి, రోడ్లు భవనాల శాఖది. నారింజ రంగయితే పల్లె రోడ్డు. మా బ్రాడీపేట లైన్లలో అలాంటి రాళ్లుండవు. ఇక్కడ చూసుకోవలసింది నగరపాలక సంస్థ, దానికి మేము ఇంటి పన్ను కడతాం. అంటే ఒక్కో రోడ్డుకు ఒక్కో పోపుల డబ్బా!

చిన్నాను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు, రోడ్డు మధ్యకు పోనివ్వకు. రాయి మీద దుమ్ముంటే తడిగుడ్డతో తుడువు. గుంతలో నీళ్లు పక్క కాలువలోకి పోతున్నాయో, పోయే దారి లేక అక్కడే నిలిచాయో కూడా చూడు. రంగు ఏదో వెంటనే రాయి.

మీ
తాతయ్య