మోల్ట్కే గురించి తరగతి గదిలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

19వ శతాబ్దంలో ప్రష్యా రాజ్యం నాయకత్వాన జరిగిన జర్మనీ ఏకీకరణ పాఠంలో మూడు పేర్లు కలిసే వస్తాయి: ప్రధాని బిస్మార్క్, యుద్ధ మంత్రి రూన్, సైనిక వ్యూహకర్త మోల్ట్కే. మన పాఠ్యపుస్తకాల్లో బిస్మార్క్‌కు పేజీలకు పేజీలు ఉంటాయి, మిగతా ఇద్దరికీ చెరో వాక్యం. డిగ్రీ విద్యార్థులకూ, గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవాళ్లకూ ఐరోపా చరిత్ర చెబుతుంటాను. హెల్ముట్ ఫాన్ మోల్ట్కేకు దక్కిన ఆ ఒక్క వాక్యం చుట్టూ ఎన్ని అపోహలు అల్లుకున్నాయో ఏటా వింటూనే ఉన్నాను.

అపోహ: ఆయన పుట్టుకతోనే ప్రష్యన్.

కాదు. 1800 అక్టోబర్ 26న మెక్లెన్‌బర్గ్‌లోని పార్చిమ్‌లో పుట్టాడు. తండ్రి హోల్‌స్టైన్‌కు తరలివెళ్లి డెన్మార్క్ కొలువులో చేరడంతో, కొడుకు కోపెన్‌హేగన్ సైనిక పాఠశాలలో చదివి డేనిష్ సైన్యంలో అధికారి అయ్యాడు. ప్రష్యాకు మారింది 1822లో. తనకు సైనిక విద్య నేర్పిన డెన్మార్క్ మీదనే 1864లో యుద్ధం నడిపాడు. ప్రష్యా ఇలా బయటివాళ్లను చాలామందినే చేర్చుకుంది. వాటర్లూలో నెపోలియన్‌ను దెబ్బతీసిన బ్లూకర్ కూడా మెక్లెన్‌బర్గ్‌వాడే.

అపోహ: కత్తి దూసి సేనల ముందు నడిచిన యోధుడు.

చిత్రపటాల్లోని పతకాలు చూసి కలిగే భ్రమ ఇది. జనరల్ స్టాఫ్ (యుద్ధ ప్రణాళికలు వేసే అధికారుల బృందం) అధిపతి అయ్యేనాటికి మోల్ట్కే ఒక్క బెటాలియన్‌కైనా, రెజిమెంటుకైనా నాయకత్వం వహించలేదు. పటాలు గీయడం, భూమి స్వభావాన్ని చదవడం, నివేదికలు రాయడం, ఇదే ఆయన ఉద్యోగం. అసలు యుద్ధాన్ని దగ్గరగా చూసింది ప్రష్యా తరఫున కాదు, ఒట్టోమన్ సామ్రాజ్యంలో. 1835లో టర్కీ వెళ్లి సుల్తాన్ మహమూద్ 2 సైన్యానికి సలహాదారు అయ్యాడు, కాన్‌స్టాంటినోపుల్ పటం గీశాడు. 1839 జూన్‌లో నిజిప్ దగ్గర ఈజిప్టు సేనలు ఎదురుపడినప్పుడు, బలమైన స్థావరమైన బిరెజిక్‌కు వెనక్కి తగ్గమని సేనాపతి హఫీజ్ పాషాకు చెప్పాడు. పాషా వినలేదు, సైన్యం చెల్లాచెదురైంది. ఐరోపా మెచ్చిన వ్యూహకర్త చూసిన మొదటి పెద్ద యుద్ధం ఇలా ఓటమితో ముగిసింది.

1866లో ఆస్ట్రియాతో యుద్ధం మొదలయ్యేనాటికి ఆయనకు 65 ఏళ్లు. అప్పటిదాకా సేనలకు నేరుగా ఆజ్ఞలిచ్చే అధికారం కూడా లేదు, జూన్ 2న రాజు ఇచ్చాడు. ఆ యుద్ధాన్ని తేల్చిన కోనిగ్‌గ్రాట్జ్ రణరంగంలో ఆజ్ఞాపత్రం అందుకున్న ఒక డివిజన్ అధిపతి "అంతా బాగానే ఉంది, ఇంతకీ ఈ జనరల్ మోల్ట్కే ఎవరు?" అన్నాడని కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, అలాంటి కథ పుట్టే పరిస్థితైతే ఉంది.

అపోహ: గెలిపించింది తుపాకులే.

1866 వరకే చూస్తే ఈ మాటలో కొంత నిజముంది. ప్రష్యన్ సైనికుడు డ్రైజె సూది తుపాకీలో పడుకునే తూటా నింపుకోగలడు. ఆస్ట్రియా సైనికుడు నిలబడి గొట్టం పైనుంచి మందు కూరాలి. అయితే 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో ఫ్రెంచివాళ్ల షాస్‌పో తుపాకీ డ్రైజెకు దాదాపు రెట్టింపు దూరం కాల్చింది. తుపాకీయే అన్నీ తేలిస్తే ఆ యుద్ధం ఫ్రాన్స్ గెలవాలి. అప్పుడు జర్మన్లను ఆదుకున్నవి క్రుప్ ఉక్కు ఫిరంగులు. ఆ ఫిరంగులతో పాటు మరొకటి కూడా ఉంది, అది తరువాతి అపోహలో వస్తుంది.

అపోహ: మోల్ట్కే యుద్ధం రైల్వే టైంటేబుల్‌లా, ముందే రాసిపెట్టిన ప్రకారం నడిచింది.

అన్నింటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. రైళ్ల విలువ ఆయనకు తెలుసు. బెర్లిన్-హాంబర్గ్ రైల్వే సంస్థ డైరెక్టర్లలో ఒకడిగా పనిచేశాడు. 1866లో ప్రష్యా ఐదు రైలు మార్గాల మీద సేనల్ని దించితే, ఆస్ట్రియాకు దొరికింది ఒకే మార్గం. ఆ వేగం కోసం సేనల్ని 400 కిలోమీటర్లకు పైగా పరిచాడు. ఇంత విడివిడిగా ఉంటే ఒక్కొక్కటిగా చితక్కొడతారని సొంత జనరల్స్ కూడా భయపడ్డారు. ఆయన లెక్క వేరు: విడివిడిగా నడవాలి, యుద్ధరంగంలో కలవాలి. జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర మధ్యాహ్నం దాకా ఆ లెక్క తప్పినట్టే కనిపించింది. ప్రష్యా యువరాజు సేన వచ్చి పక్క నుంచి తాకాకే యుద్ధం మలుపు తిరిగింది. యువరాజుకు కబురు అందించింది టెలిగ్రాఫ్ కాదు, రాత్రి గుర్రం మీద వెళ్లిన అధికారి.

సరిహద్దు దాటాక రైలు అంతగా ఉపయోగపడదు కూడా. 1870లో తూల్ కోట లొంగని కారణంగా పారిస్ వైపు వెళ్లే ప్రధాన మార్గం సెప్టెంబర్ 23 దాకా మూతపడే ఉంది.

ఇక ప్రణాళిక సంగతి. శత్రువు ప్రధాన బలంతో మొదటి ఢీ దాటి ఏ ప్రణాళికా కచ్చితంగా సాగదని ఆయనే రాశాడు. అందుకే ఏం సాధించాలో చెప్పి, ఎలా సాధించాలన్నది అక్కడున్న అధికారికి వదిలేసేవాడు. దీన్ని అందరూ పొగుడుతారు, మూల్యం మాత్రం చెప్పరు. 1870 ఆగస్టు 6న స్పిషెరెన్ దగ్గర ప్రష్యన్ జనరల్ స్టైన్‌మెట్స్ సేన ముందు దళం మోల్ట్కే అనుకోని చోట, అనుకోని రోజున యుద్ధానికి దిగింది. ఆగస్టు 18న గ్రావ్‌లోట్ దగ్గర అదే స్టైన్‌మెట్స్ లోయ గుండా దళం వెనక దళాన్ని పంపి నరబలి ఇచ్చాడు. ఆ రోజు జర్మన్లు దాదాపు 20,000 మందిని నష్టపోయారు, ఫ్రెంచివాళ్ల నష్టం అంతకన్నా తక్కువ. సెప్టెంబర్‌లో స్టైన్‌మెట్స్‌ను తప్పించి పోజెన్‌కు గవర్నరుగా పంపారు.

అదే పద్ధతి సెడాన్‌లో ఫలించింది. పారిస్ వైపు సాగుతున్న సేనలకు, ఫ్రెంచి సేనాపతి మక్‌మహాన్ ముట్టడిలో ఉన్న మెట్స్ కోటను విడిపించడానికి ఉత్తరంగా వెళ్తున్నాడన్న సమాచారం అందింది. అందులో కొంత పత్రికల్లో వచ్చిన వార్తలే! ఆగస్టు చివరి వారంలో, ఏ కాగితం మీదా లేని విధంగా, మొత్తం సైన్యం దిశ మార్చింది. సెప్టెంబర్ 2న చక్రవర్తి నెపోలియన్ 3 సైన్యంతో సహా లొంగిపోయాడు. ఈ మలుపును ముందే గీసిన ప్రణాళిక అని బోధించడం మోల్ట్కేకు అన్యాయం.

అపోహ: బిస్మార్క్, మోల్ట్కే ఒకే మాట మీద ఉండేవారు.

పారిస్ ముట్టడి కాలంలో ఇద్దరికీ పడేది కాదు. నగరాన్ని త్వరగా ఫిరంగులతో కొట్టమని బిస్మార్క్, ఆకలే లొంగదీస్తుందని మోల్ట్కే. పారిస్ పడ్డాక కూడా ఫ్రాన్స్ పూర్తిగా కూలేదాకా యుద్ధం సాగాలన్నది మోల్ట్కే పట్టు. 1871 జనవరి 25న రాజు విల్హెల్మ్ బిస్మార్క్ పక్షం వహించాడు, మూడు రోజులకే యుద్ధ విరమణ కుదిరింది. నా దృష్టిలో బిస్మార్క్‌దే సరైన మాట. యుద్ధం ఎక్కడ ఆపాలో తేల్చే పని సేనాపతికి వదలకూడదు.

అపోహ: నోరు విప్పని శుష్క సైనికుడు.

మితభాషే. కానీ యువకుడిగా ఒక కథ రాసి అచ్చు వేయించాడు, గిబ్బన్ రాసిన రోమన్ చరిత్రను డబ్బు కోసం జర్మన్‌లోకి చాలావరకు అనువదించాడు, జర్మన్ పార్లమెంటు రీష్‌టాగ్‌లో సభ్యుడిగా ప్రసంగాలు చేశాడు. 1889లో క్రైసౌ ఎస్టేటులో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ముందు గోథె, షేక్‌స్పియర్ పంక్తులు చదివాడు. ఆ గొంతు ఇప్పటికీ వినొచ్చు. శతాబ్దాన్ని కచ్చితంగా లెక్కిస్తే 18వ శతాబ్దంలో పుట్టిన మనిషి గొంతు అది.

అపోహ: చివరి రోజుల్లో శాంతివాది అయ్యాడు.

1890 మే 14న రీష్‌టాగ్‌లో, రాబోయే యుద్ధం ఏడేళ్లో ముప్పై ఏళ్లో సాగవచ్చనీ, ఐరోపాకు నిప్పుపెట్టేవాడికి శాపం తగులుతుందనీ అన్నాడు. ఈ ఒక్క ప్రసంగం పట్టుకుని ఆయన్ను శాంతిదూతను చేసేవాళ్లున్నారు. కానీ శాశ్వత శాంతి ఒక కల, అందమైన కల కూడా కాదని 1880లో రాసింది ఈయనే. 1887లో రష్యా మీద ముందే దాడి చేద్దామని వాదించిందీ ఈయనే. ఆ ప్రసంగం కూడా సైన్యానికి నిధులు అడిగే సందర్భంలోనిదే.

అపోహ: మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో ఫ్రాన్స్‌లోని మార్న్ నది దగ్గర వెనక్కి తగ్గింది ఈయనే.

ఆయన 1891లోనే చనిపోయాడు. మార్న్ దగ్గర ఉన్నది అదే పేరు పెట్టుకున్న తమ్ముడి కొడుకు. పైగా ఫ్రాన్స్, రష్యాలతో రెండు వైపులా యుద్ధం వస్తే పశ్చిమాన కాచుకుని, తూర్పున పరిమిత దాడి చేయాలని పెద్దాయన ప్రణాళిక. దాన్ని తలకిందులు చేసింది తరువాత జనరల్ స్టాఫ్ అధిపతిగా వచ్చిన ష్లీఫెన్. పరీక్షలో సందేహం వస్తే సంవత్సరాలు చూడండి: జనరల్ స్టాఫ్ అధిపతిగా 1857 నుంచి 1888 వరకు పెద్ద మోల్ట్కే, 1906 నుంచి 1914 వరకు చిన్న మోల్ట్కే.